గట్టు మీద ఎవరి అడుగులు: కోరింగ సరిహద్దు చెరువుల్లో బావురుపిల్లిపై ఒక కేస్ స్టడీ

గోదావరి డెల్టాలో కోరింగ అభయారణ్యానికి ఆనుకొని తాళ్లరేవు మండలం వైపు ఉన్న చేపల, రొయ్యల చెరువుల్లో రాత్రిపూట సరుకు పోతోందని, తింటున్నది బావురుపిల్లి (ఫిషింగ్ క్యాట్) అనే అడవి పిల్లేనని కొందరు రైతులు అటవీ సిబ్బందికి మొరపెట్టుకోవడంతో ఈ కేసు మొదలైంది. ఆ మొర నా దాకా వచ్చేనాటికి నేను ఇదే డెల్టాలో మాంసాహార జంతువుల మీద పోస్ట్‌డాక్టోరల్ పరిశోధన చేస్తున్నాను. నేను రాసి ఇచ్చిన ప్రతిపాదన వేరు. మడ అడవి లోపల చదరపు కిలోమీటరుకు ఎన్ని బావురుపిల్లులు ఉన్నాయో అంచనా వేయడం దాని ఉద్దేశం. రైతుల ఫిర్యాదు విన్న తరవాత ఆ ఉద్దేశాన్ని వెనక్కి నెట్టి, చెరువుల గట్ల మీదికి ఏ జంతువు, ఎప్పుడు, దేనికోసం వస్తోందన్న ప్రశ్నను ముందుకు తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో ముందుగా చెప్పాలి, ఎందుకంటే తరవాతి పనంతా ఆ నిర్ణయం మీదే నడిచింది.

మన దేశంలో పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ అంటే సాధారణంగా రెండేళ్ల కాలం. పీహెచ్‌డీలో మాదిరిగా ఒక జంతువు వెంట నాలుగైదేళ్లు తిరిగే తీరిక ఇందులో ఉండదు. అభయారణ్యంలో అడుగుపెట్టడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి. జంతువును పట్టి మెడకు రేడియో కాలర్ వేయాలంటే 12వ సెక్షన్ కింద వేరే అనుమతి కావాలి, అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులోని జంతువుకు ఆ అనుమతి మరింత కఠినం. ఈ కాగితాలు కదలడానికి, పరికరాలు రావడానికి పట్టే కాలాన్ని తీసేస్తే క్షేత్రంలో పనికి మిగిలేది ఒకటిన్నర ఏడాదికి అటూఇటూ. ఆ వ్యవధిలో సంఖ్య తేల్చవచ్చు గాని, సంఖ్య పెరుగుతోందా తగ్గుతోందా అన్నది తేల్చలేం. ఉదాహరణకు, ఒక అంచనాలో ఇరువైపులా నాలుగో వంతు చొప్పున అనిశ్చితి ఉందనుకుంటే, రెండేళ్ల తరవాత మళ్లీ లెక్కించినప్పుడు పదో వంతు తగ్గుదల వచ్చినా అది ఆ అనిశ్చితిలోనే మునిగిపోతుంది.

అయినా ఎవరు కలిసినా మొదట అడిగేది ‘ఎన్ని ఉన్నాయండీ’ అనే. కోరింగలో 2018లో జరిగిన కెమెరా సర్వే 115 బావురుపిల్లులని చెప్పింది. ఒడిశాలోని చిలికా సరస్సు వద్ద 2022లో 176 అని లెక్క తేల్చారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువని వాదించేవారిని చూశాను. లెక్కించిన విస్తీర్ణం, కెమెరాల అమరిక, గణన పద్ధతి ఒకటి కానప్పుడు ఆ పోలికకు అర్థం లేదు. అంతకన్నా ముఖ్యంగా, చెరువు గట్టు మీద కాపలా ఉన్న మనిషికి 115 అన్న అంకె ఏ రాత్రి మేలుకోవాలో చెప్పదు, కరెంటు తీగ వేయవద్దనీ చెప్పదు.

ఇక స్థలం సంగతి. గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. గౌతమి నుంచి విడివడిన కోరింగ, గాడేరు పాయలు మడ అడవి గుండా సాగి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. అఖాతానికి తూర్పున హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ సముద్రపు పోటుకు అడ్డుగా నిలబడి ఉంటుంది. ఈ పాయల మధ్య 235.7 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. పటంలో గీత స్పష్టంగా ఉంటుంది. నేల మీద మాత్రం తెల్లమడ, తిల్ల చెట్లు ఎక్కడ ఆగుతాయో అక్కడి నుంచే చెరువు గట్టు మొదలవుతుంది, మధ్యలో ఒక్కోచోట కాలువ వెడల్పంత దూరం కూడా ఉండదు.

ఈ గట్లకు ఒక చరిత్ర ఉంది, అది పిల్లి చరిత్రలో భాగం కూడా. 1990ల మొదట్లో టైగర్ రొయ్య లాభాలు చూసి కోస్తా పొడవునా చెరువులు తవ్వారు. ఆ దశాబ్దం మధ్యకల్లా తెల్లమచ్చల వ్యాధి వచ్చి చాలామందిని ముంచింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై తీర్పు ఇచ్చింది, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, 2009లో వనామీ రొయ్యకు అనుమతి దొరికింది. ఒక్కో అలకు కొన్ని చెరువులు పుట్టాయి, కొన్ని పాడుపడ్డాయి. పాడుపడిన చెరువుల్లో జమ్ము, తుంగ పెరిగి, వాన నీటికి గొరకలు, కొర్రమీనులు చేరి, బావురుపిల్లికి పగలు పడుకోవడానికి అడవి లోపల కూడా దొరకని చోటు ఏర్పడింది. ఈ మాట సిబ్బంది సమావేశంలో చెప్పినప్పుడు కొందరు ముఖం చిట్లించారు. ఆక్వాకల్చర్ మేలు చేసిందని నేను అనడం లేదు. నడుస్తున్న చెరువునూ వదిలేసిన చెరువునూ ఒకే రంగులో చూపించే పటాలతో ఈ జంతువు అర్థం కాదని మాత్రమే అంటున్నాను.

బావురుపిల్లి గురించి ఈ కేసుకు అవసరమైనంతే చెబుతాను. బరువు 5 నుంచి 16 కిలోల మధ్య ఉంటుంది. వేళ్ల మధ్య కొంతమేర చర్మపు పొర ఉంటుంది, గోళ్లు పూర్తిగా లోపలికి పోవు, ఒంటి మీద రెండు వరసల దట్టమైన బొచ్చు ఉండడం వల్ల నీటిలో దిగినా చర్మం దాకా తడవదు. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో 2008లో ఇది ఆపదలో ఉన్న జాతుల వర్గంలో ఉండేది, 2016 నుంచి దానికన్నా ఒక మెట్టు కింద, ముప్పుకు లోనయ్యే జాతిగా ఉంది. మన చట్టంలో మాత్రం పులితో సమానంగా మొదటి షెడ్యూలులోనే ఉంది.

నష్టాన్ని ముందు లెక్కించడం

ఫిర్యాదు అందగానే కెమెరాలు పట్టుకొని పరుగెత్తడం మా రంగంలో అలవాటు. ఈ కేసులో మొదట నష్టాన్నే పరిశీలించాలని పట్టుబట్టాను. రొయ్యల రైతు తన నష్టాన్ని తెలుసుకునేది పట్టుబడి రోజున. వేసిన సీడు (రొయ్య పిల్లలు) ఎంత, పట్టిన టన్నులెన్ని, ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) వచ్చాయి అన్న వివరాల నుంచి ఎన్ని రొయ్యలు బతికాయో తేలుతుంది. మధ్యలో, మేత తింటున్నాయో లేదో తెలుసుకోవడానికి నీటిలో ఉంచే చెక్ ట్రేలో మేత మిగలడం చూసి, విసురు వలతో తీసిన నమూనా చూసి అంచనా వేస్తారు. రొయ్య చెరువు అడుగున చచ్చిపోతే తోటి రొయ్యలే తినేస్తాయి గనక కళ్లకు కనిపించని చావు చాలా ఉంటుంది. తెల్లమచ్చ వ్యాధి ఒక్కసారిగా తుడిచిపెడుతుంది, అది అందరికీ తెలుస్తుంది. ఈహెచ్‌పీ వంటి సూక్ష్మజీవి మాత్రం ఎదుగుదలను ఆపి కౌంటును పాడుచేస్తుంది, దాని పని నెమ్మదిగా సాగుతుంది కాబట్టి నింద వేరే వాటి మీద పడుతుంది. గట్టు మీద పిల్లి అడుగులు కనిపించి, నెల తరవాత పట్టుబడి తగ్గితే ఆ రెంటినీ ముడిపెట్టడం మానవ సహజం.

చేపల చెరువుల తీరు వేరు. పండుగప్ప, శీలావతి, బొచ్చె పెంచే చోట తిన్న చేప ఆనవాలు గట్టు మీద దొరుకుతుంది, కొన్నిసార్లు సగం తిన్న చేపే దొరుకుతుంది. అందువల్ల ఫిర్యాదు చేసినవారందరినీ ఒకే గాటన కట్టకుండా రొయ్యల చెరువులను, చేపల చెరువులను, చేపపిల్లలను పెంచే నర్సరీ గుంటలను విడివిడిగా తీసుకున్నాం. ప్రతి చెరువుకూ కాలువ ఎంత దూరంలో ఉంది, గట్టు మీద గడ్డి ఉందా లేదా, రాత్రి కాపలా ఉందా, కుక్క ఉందా, చుట్టూ పీతలు రాకుండా కట్టే వల ఉందా అన్నవి నమోదు చేశాం.

మాటామంతీలో ఇంకొక జాగ్రత్త తీసుకున్నాం. జంతువుల బొమ్మల కార్డులు చూపించి ఏది చూశారో గుర్తుపట్టమన్నప్పుడు ఈ డెల్టాలో ఎన్నడూ లేని, మన దేశంలో ఈశాన్యం వైపు అడవుల్లో ఉండే మబ్బు చిరుత బొమ్మను కూడా కలిపాం. దానిని కూడా ‘చూశాం’ అన్నవారి మిగతా సమాధానాలను తక్కువ నమ్మకంతో తీసుకున్నాం. రైతులకన్నా రాత్రి కాపలా ఉండేవారి సమాధానాలు నిలకడగా ఉన్నాయి. చేపల చెరువు మీద పని చేసే ఒక పెద్దాయన కార్డులన్నీ పక్కకు నెట్టి, ‘‘పిల్లి గాదండి, నీటికుక్కలండి ఆయ్. పిల్లి ఒక్కటే వస్తదండి, ఇయ్యి గుంపుగా దిగుతాయండి’’ అన్నారు. నీటికుక్క అంటే నీటిలో చేపలు పట్టి తినే ఓటర్. తరవాతి నెలల్లో మేం పరికరాలతో తేల్చుకున్నది చాలావరకు ఆయన చెప్పినదే. పరికరాలు అదనంగా ఇచ్చింది గంటలూ, తిథులూ.

ఆనవాళ్లు

బురదలో అడుగు చదవడం తేలిక అనుకుంటారు. పొడి నేల మీద పిల్లి జాతి అడుగుకు గోళ్ల గుర్తు పడదని, కుక్క జాతి అడుగుకు పడుతుందని పుస్తకాలన్నీ చెబుతాయి. బావురుపిల్లి గోళ్లు పూర్తిగా ముడుచుకోవు కాబట్టి మెత్తని బురదలో అవి అచ్చుపడతాయి, దానిని చూసి నక్క అని రాసుకునే ప్రమాదం ఉంది. అప్పుడు అడుగు వెడల్పు, మడమ మెత్త ఆకారం, వేళ్లు పరచుకున్న తీరు చూడాలి. నీటికుక్క అడుగులో అయిదు వేళ్లూ పడతాయి, దానితో అంత చిక్కు లేదు.

మలం మరింత నమ్మకమైన ఆధారం. నీటికుక్కలు గట్టు మీద ఒకే చోట పదేపదే విసర్జిస్తాయి, పొలుసులు, రొయ్య పెంకులు నిండిన ఆ కుప్పల నీసు వాసనను బట్టే దూరం నుంచి పోల్చుకోవచ్చు. బావురుపిల్లి, జంగపిల్లి, నక్క మలాలను ఆకారాన్ని బట్టి విడదీయడం మాత్రం నమ్మదగిన పని కాదు. అందుకని మలం పైపొర నుంచి కొంత గీకి ఇథనాల్‌లో భద్రపరచి, మైటోకాండ్రియా డీఎన్‌ఏ ద్వారా జాతి తేల్చిన తరవాతే లోపలి పదార్థాన్ని పరిశీలించాం. హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి (సీసీఎంబీ) అనుబంధంగా ఉన్న లాకోన్స్ ఇటువంటి పనికి దేశంలో పేరున్న ప్రయోగశాల. డెల్టాలో ఈ పనికి ఉన్న అడ్డంకి ఉప్పు, తేమ, ఎండ మూడూ కలిసి డీఎన్‌ఏను త్వరగా చెడగొట్టడం, పైగా కాలువ ఒడ్డున ఉన్నది తరవాతి పోటుకు కొట్టుకుపోవడం. గట్టు మీద దొరికినవే ఎక్కువగా మిగులుతాయి గనక, దొరికిన మలాల లెక్కను బట్టి ‘పిల్లి గట్టు మీదే ఎక్కువ ఉంటుంది’ అనడానికి వీలు లేదు. ఈ సంగతిని నివేదికలో రెండుసార్లు రాశాను, ఎందుకంటే ఆ తప్పుడు అర్థం తీసుకోవడం చాలా సులువు.

లోపలి పదార్థాన్ని కడిగి ఆరబెట్టి వెంట్రుకలను సూక్ష్మదర్శిని కింద, పొలుసులను, చేపల తలలో ఉండే చెవి రాళ్లను నమూనాలతో పోల్చి చూశాం. పిల్లి మలాల్లో కాలువ చేపలు, ఎలుకలు, పీతలు ముఖ్యంగా కనిపించాయి. రొయ్యల చెరువుల మధ్య దొరికిన వాటిలో ఎలుక వెంట్రుకలు ప్రస్ఫుటంగా ఉన్నాయి. మేత బస్తాలు నిల్వ చేసే షెడ్లు ఎలుకలకు నిలయాలు కనుక ఇందులో ఆశ్చర్యం లేదు. చేప తిన్నట్టు తేలినా అది చెరువు చేపా, కాలువ చేపా అన్న ప్రశ్న మిగిలింది. శీలావతి పొలుసు దొరికితే చెరువుదే అనవచ్చు. చైనా గొరక దొరికితే అది చెరువులోనూ ఉంటుంది, మురుగు కాలువలోనూ ఉంటుంది. పిల్లి వెంట్రుకల్లోని కార్బన్, నైట్రోజన్ ఐసోటోపుల (ఒకే మూలకానికి వేర్వేరు బరువుల్లో ఉండే రూపాల) నిష్పత్తిని బట్టి మేత తిన్న చేపను, మడ అడవి చేపను విడదీయవచ్చునని సహచరులు సూచించారు. చెరువు మేతలో నేల మీద పండిన సోయాతో పాటు సముద్రపు చేపల పొడి కూడా కలుస్తుంది. రెండు మూలాలూ మేతలోనే కలిసిపోయాక పిల్లి వెంట్రుకలో వాటిని విడదీయడం మీద నాకు నమ్మకం కుదరలేదు. ఆ డబ్బును కెమెరాల బ్యాటరీలకు మళ్లించాను.

పోటుపాట్లను బట్టి కెమెరాలు

అడవి లోపల పులులను లెక్కించడానికి వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ 1990లలో కర్ణాటకలోని నాగరహొళెలో వాడి చూపిన కెమెరా పద్ధతి ఇప్పుడు అన్ని మచ్చల, చారల జంతువులకూ వర్తింపజేస్తున్నారు. శరీరం మీది మచ్చల అమరిక ఒక్కో జంతువుకు ఒక్కో రకంగా ఉంటుంది, కుడి ఎడమ పక్కలు ఒకదానితో ఒకటి పోలవు, అందుకని ఎదురెదురుగా రెండు కెమెరాలు పెడతారు. సాంద్రత లెక్కించాలంటే కెమెరాల వల ఆ జంతువు తిరిగే విస్తీర్ణం కన్నా బాగా పెద్దదిగా పరచుకోవాలి. నేపాల్‌లోని చిత్వాన్‌లో రేడియో కాలర్లు వేసి చూసినప్పుడు ఆడ బావురుపిల్లి 4 నుంచి 6 చదరపు కిలోమీటర్లలో, మగది 16 నుంచి 22 చదరపు కిలోమీటర్లలో తిరుగుతున్నట్టు తేలింది. ఆ కొలతలే ఇక్కడా వర్తిస్తాయని చెప్పలేకపోయినా, మేం చూస్తున్న చెరువుల సముదాయం ఒక్క మగ పిల్లి తిరిగే పరిధిలో ఒక మూలకు సరిపోయేంతదే. అందువల్ల ఇక్కడ సాంద్రత లెక్కించే ప్రయత్నం చేయలేదు. మచ్చలు పోల్చి చూసుకున్నది వేరే అవసరం కోసం. ఎన్ని ఫోటోలు వచ్చినా వాటిలో ఉన్నవి అవే కొద్ది పిల్లులు, మళ్లీ మళ్లీ. రైతులకు ఫోటోలు పక్కపక్కన పెట్టి మచ్చలు చూపించినప్పుడు, రోజుకొక కొత్త పిల్లి అడవిలోంచి దిగి వస్తోందన్న భయం కొంత తగ్గింది.

మడ అడవిలో కెమెరా పెట్టడం మైదాన అడవిలో పెట్టడం లాంటిది కాదు. పోటు వచ్చినప్పుడు నీరు ఎంత ఎత్తుకు లేస్తుందో చెట్ల మొదళ్ల మీది బురద గీతను బట్టి పోల్చుకొని దానికి పైన కట్టాలి. మరీ పైన కడితే కింద నడిచే పిల్లి వీపు తప్ప పక్క మచ్చలు దొరకవు. ఈ కెమెరాలు కదలికను నేరుగా పట్టుకోవు. జంతువు ఒంటి పైభాగపు వేడికీ, దాని వెనక ఉన్న నేల వేడికీ మధ్య తేడా కదిలినప్పుడు అవి స్పందిస్తాయి. నీటిలోంచి అప్పుడే లేచిన నీటికుక్క బొచ్చు పైభాగం నీటి చల్లదనంతోనే ఉంటుంది కాబట్టి చాలాసార్లు కెమెరా ముందునుంచి వెళ్లినా ఫోటో పడదు. తడిసిన బావురుపిల్లి విషయంలోనూ కొంతవరకు ఇదే జరుగుతుందని భావించి, నీటి అంచున పెట్టిన కెమెరాల్లో కొన్నింటిని సెన్సార్‌తో సంబంధం లేకుండా నిర్ణీత వ్యవధికి ఒక ఫోటో తీసేలా అమర్చాం. మెమరీ కార్డులు నిండిపోయాయి, వాటిని చూడడానికి కళ్లు పోయాయి, అయినా నీటికుక్కల రాకపోకల విషయంలో ఆ ఖాళీ ఫోటోల గుట్టే మాకు ఆధారమైంది. సెన్సార్ ఫోటోల మీదే ఆధారపడి ఉంటే పిల్లిదే పెద్ద వాటా అని తేలేది, ఫిర్యాదు నిజమయ్యేది.

ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అంటే రాత్రి ఎనిమిదికి వచ్చే పోటు వారం తిరిగేసరికి తెల్లవారుజామువైపు జరుగుతుంది. పిల్లి గంటను బట్టి తిరుగుతోందా, నీటిని బట్టి తిరుగుతోందా అన్నది తెలియాలంటే కెమెరాలను కనీసం ఒక పక్షమంతా, వీలైతే అనేక పక్షాలు కదపకుండా ఉంచాలి. అప్పుడే ప్రతి గంటకూ పోటు, పాటు రెండూ తగులుతాయి. మత్స్యకారులకు ఈ లెక్క పంచాంగంలో ఉంది. అమావాస్య, పౌర్ణమి తరవాత ఒకటి రెండు రోజులకు నీటి ఊపు ఎక్కువని, అష్టమి నవములకు తగ్గుతుందని పడవ నడిపే కుర్రవాడికి కూడా తెలుసు. మా డేటా పట్టికలో తిథిని ఒక గడిగా చేర్చడం అలా మొదలైంది.

తేలిన సంగతి ఇది. పాటు వేళల్లో, కాలువ ఒడ్డున బురద బయటపడి ఉన్న గంటల్లో, పిల్లులు ఎక్కువగా కాలువల దగ్గరే కనిపించాయి. నీరు లేచి ఒడ్లను కప్పేసిన గంటల్లో గట్ల మీది కెమెరాల్లో వాటి రాక పెరిగింది. పెద్ద పోట్ల రాత్రులలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపించింది. వెన్నెల వల్ల ఇలా జరుగుతోందేమోనన్న అనుమానం సహజం. పెద్ద పోట్లు అమావాస్యకూ వస్తాయి, పౌర్ణమికీ వస్తాయి కాబట్టి ఆ రెండు పక్షాలను పోల్చి వెన్నెల ప్రభావాన్ని వేరుచేయగలిగాం, తేడా పెద్దగా కనిపించలేదు. ఒక చిక్కు మాత్రం విడలేదు. ఒక చోట పెద్ద పోటు ఏడాది పొడవునా దాదాపు అదే గంటకు వస్తుంది, కనుక పోటు ఎత్తును, గంటను పూర్తిగా విడదీయడం ఒక్క చోట పెట్టిన కెమెరాలతో సాధ్యం కాదు. పోటు వేళ వేరుగా ఉండే మరో తీరంలో ఇదే పని చేస్తే తప్ప అది తేలదు.

గట్టెక్కిన పిల్లి ఏం చేస్తోందన్నది రెండో సంగతి. చాలా ఫోటోల్లో అది నడుస్తోంది, అంతే. మడ బురదలో కూరుకుపోతూ నడిచే జంతువుకు గట్టు మంచి బాట. నీళ్లు వదిలి పట్టుబడి పూర్తయిన చెరువుల్లో, గుంటల్లో మిగిలిన చిల్లర చేపల దగ్గర అది వేటాడుతూ కనిపించింది. నిండుగా ఉండి, నీటికి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిరుగుతున్న రొయ్యల చెరువులోకి దిగినట్టు మాకు ఆధారం దొరకలేదు. కాలువను ఆనుకున్న చేపల చెరువుల్లో నిజమైన నష్టం ఉంది, ఆ నష్టంలో నీటికుక్కలదే ప్రధాన పాత్ర. లోతు తక్కువైన నర్సరీ గుంటల వద్ద మాత్రం బావురుపిల్లి మీది ఫిర్యాదు సరైనదే. ఇది కూడా నివేదికలో దాచకుండా రాశాం. పిల్లి ఏ పాపమూ ఎరగదని చెప్పి ఉంటే, నర్సరీ గుంట ఉన్న రైతు మిగతా నివేదికనంతా చించి పారేసేవాడు, అతనిని తప్పుపట్టడానికీ ఉండేది కాదు.

నీటికుక్కల పేరు బయటపెట్టడానికి నేను కొంత వెనకాడిన మాట నిజం. ఒక రక్షిత జంతువు మీది నిందను తీసి మరో రక్షిత జంతువు మీద పెట్టినట్టవుతుంది. నునుపు బొచ్చు నీటికుక్క కూడా ముప్పులో ఉన్న జాతే, 2019లో వన్యజాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే ఒప్పందం (సైటీస్) మొదటి అనుబంధంలోకి చేరింది, 2022 సవరణతో మన చట్టంలోనూ మొదటి షెడ్యూలుకు మారింది. అందుకని ఫలితాన్ని విడిగా ప్రకటించకుండా, ఏం చేస్తే నష్టం తగ్గుతుందన్న సూచనలతో కలిపే రైతుల ముందు పెట్టాం.

సూచనలు, వాటిలో నిలిచినవి

నర్సరీ గుంటలకు పైన వల కప్పడం అందరూ ఒప్పుకున్నారు, పక్షులకూ అదే మందు కనుక. పట్టుబడి తరవాత చిల్లర చేపను గుంటల్లో వదిలేయకుండా అదే రోజు తీసేయాలన్నది ఒప్పుకున్నారు గాని, కూలీలు దొరకని రోజుల్లో పాటించలేదు. కాపలా విషయంలో మా పోటు లెక్క పనికివచ్చింది. ప్రతి రాత్రీ తెల్లవార్లూ మేలుకోవడం ఏ మనిషికీ సాధ్యం కాదు. అమావాస్యకు, పౌర్ణమికి పెద్ద పోటు దాదాపు ఒకే గంటకు వస్తుందన్న సంగతి, పరిశోధనలో మాకు చిక్కు తెచ్చిపెట్టినదే, కాపలా మనిషికి గుర్తుపెట్టుకోవడానికి అనువైంది. ఆ రాత్రుల్లో ఆ గంటల చుట్టూ గట్టు మీద టార్చి వేసుకొని తిరిగితే చాలునని, మిగతా వేళల్లో కునుకు తీసినా పెద్దగా పోయేది లేదని చెప్పాం. ఈ సూచనను కాపలావాళ్లు రైతులకన్నా ముందుగా అందుకున్నారు.

పీతలు రాకుండా వనామీ చెరువుల చుట్టూ కట్టే కంచె మీద ఎక్కువ చర్చ జరిగింది. వ్యాధిని మోసుకొచ్చే పీతలను ఆపడానికి అది తప్పనిసరి, తీసేయమని అనలేం. నైలాన్ వలతో కట్టినచోట చిన్న జంతువుల కాళ్లు చిక్కుకుంటాయి, బిగుతైన ప్లాస్టిక్ షీటుతో కట్టినచోట ఆ ఇబ్బంది లేదు. షీటు ఖరీదు ఎక్కువ. వల పాతబడి మార్చవలసి వచ్చినప్పుడు కాలువ వైపు ఉన్న గట్టుకు మాత్రం షీటు వేయమని అడిగాం, అన్ని వైపులా వేయమని అడిగి ఉంటే ఒక్కరూ వేసేవారు కాదు. కరెంటు తీగ విషయంలో బేరం పెట్టలేదు. అది మొదటి షెడ్యూలు జంతువును చంపే నేరమని, దానికన్నా ముందు తెల్లవారి గట్టు మీదికి వచ్చే కూలీని చంపుతుందని సూటిగా చెప్పాం.

పాడుపడ్డ చెరువుల సంగతి రైతుల చేతుల్లో లేదు, లీజుదారు మారినప్పుడల్లా వాటి భవితవ్యం మారుతుంది. జమ్ము, తుంగ ఒకేసారి కాల్చేయకుండా ఒక పక్క నుంచి కోస్తూ పోతే అందులో పిల్లలను పెట్టుకున్న ఆడ పిల్లికి తరలిపోయే వ్యవధి దొరుకుతుందని సూచించాం. సంరక్షణ దృష్టితో చూస్తే ఈ కేసులో నాకు అన్నింటికన్నా ముఖ్యమైన వాక్యం ఇదే, అయినా నివేదికలో దానిమీద ఎవరూ ఒక ప్రశ్న కూడా వేయలేదు. నిలకడగా ఒక చోటును పట్టుకొని పిల్లలను పెంచే ఆడ పిల్లి చనిపోతే ఆ లోటును ఆ ఏడాది మరేదీ పూడ్చదు. ఆ చోటు ఖాళీ అయినందువల్ల కొత్త పిల్లి వస్తుంది తప్ప గట్టు మీద అడుగులు ఆగవు, అంటే చంపిన రైతుకూ లాభం ఉండదు.

కెమెరాలు ఎక్కడ పెట్టామో, ఏ గడ్డిలో పిల్లలు కనిపించాయో తెలిపే వివరాలను అటవీ శాఖకు ఇచ్చిన ప్రతిలో తప్ప మరెక్కడా చేర్చలేదు. పరిశోధన పత్రికలో అచ్చవుతున్న పటంలో కూడా చెరువుల సముదాయం పేరు లేదు, ఈ వ్యాసంలోనూ అందుకే లేదు. ఫోటోల్లో పడిన మనుషుల చిత్రాలను, రాత్రిపూట వల వేయడానికి అడవిలోకి వెళ్లినవారి చిత్రాలతో సహా, చూసిన రోజునే తుడిచేశాం. అలా చేస్తామని పని మొదలుపెట్టేముందే గ్రామంలో చెప్పాం. చెప్పి ఉండకపోతే కెమెరాలు మొదటి పక్షం దాటేవి కావు.

ఫెలోషిప్ ముగిసే ముందు మిగిలిన పని ఒకటి ఉంది, అది 216వ నంబరు జాతీయ రహదారి. కాకినాడ నుంచి యానాం వైపు వెళ్లే ఈ దారి చెరువులకు, మడ అడవికి మధ్య అనేక కాలువలను దాటుతుంది. పాటు వేళ కల్వర్టుల కింద నడిచి వెళ్లగలిగే పిల్లి, నీరు కప్పు దాకా నిండిన పోటు వేళ రోడ్డెక్కి దాటవలసి వస్తోందా అన్నది గట్ల మీద మేం అడిగిన ప్రశ్నకు కొనసాగింపే. కొన్ని కల్వర్టులకు రెండు వైపులా కెమెరాలు బిగించి, నీటి మట్టం తెలిసేలా గోడ మీద రంగుతో గీతలు గీయించాం. వాటి బ్యాటరీలు మార్చే పని, కార్డులు తీసే పని ఇప్పుడు గట్ల మీద మాతో పాటు పని చేసిన ఇద్దరు స్థానిక యువకుల చేతిలో ఉంది. తిథి గడి ఉన్న పట్టికనే వారు వాడుతున్నారు.